ఇస్త్రీతో అతుక్కునే దారం: కుట్టులో, క్విల్టింగ్‌లో ఎక్కడ, ఎలా వాడాలి

ఫ్యూజిబుల్ దారం చూడటానికి మామూలు తెల్ల దారంలాగే ఉంటుంది. ముట్టుకుంటే కొంచెం మందంగా, బిరుసుగా తెలుస్తుంది. దీన్ని బాబిన్‌లో (మిషన్ కింది దారం చుట్టే చిన్న చక్రంలో) వేసి ఒక వరస కుట్టి, ఆ వరసను ఇంకో గుడ్డకు ఆనించి ఇస్త్రీ పెడితే రెండూ అతుక్కుంటాయి. కాలర్లలో వేసే ఫ్యూజింగ్ బక్రం గుడ్డ మొత్తాన్ని బిగుసుకుపోయేలా చేస్తుంది కదా. ఈ దారంతో జిగురు కుట్టు గీత మేరకే పడుతుంది, కాబట్టి మిగతా గుడ్డ మెత్తదనం పోదు.

ఒక విషయం ముందే చెప్పాలి. ఇది గుండుసూదులకు, కచ్చా కుట్లకు బదులుగా వాడేది. అసలు కుట్టుకు బదులుగా కాదు. అతికించాక దానిపై మిషన్ కుట్టో చేతికుట్టో తప్పకుండా వేయాలి. "కుట్టు అవసరం లేదు, ఇస్త్రీ చాలు" అని ఎవరైనా చెబితే, రెండు ఉతుకుల తర్వాత ఆ బట్ట ఎలా ఉందో కూడా అడగండి.

రెండు రకాలు, ఒక పరీక్ష

బయట దొరికే ఫ్యూజిబుల్ దారాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో పాలిస్టర్ దారంతో పాటు తక్కువ వేడికే కరిగే నైలాన్ పోగును కలిపి పేనుతారు. ఇస్త్రీ చేస్తే నైలాన్ కరిగి గుడ్డకు అంటుకుంటుంది, పాలిస్టర్ అలాగే ఉండిపోతుంది. పాలిస్టర్ కరగాలంటే వేడి 250 డిగ్రీల సెల్సియస్ దాటాలి, ఇంట్లో ఇస్త్రీ పెట్టె అంత దూరం పోదు. రెండో రకంలో పోగు మొత్తం కరిగేదే. స్విట్జర్లాండ్‌కు చెందిన ఈఎంఎస్-గ్రిల్‌టెక్ తయారుచేసే గ్రిలాన్ కే-85 అలాంటి పోగు. అది 85 డిగ్రీల దగ్గరే కరుగుతుంది.

ఈ తేడా తెలియకుండా పని మొదలుపెట్టకూడదు. పాలిస్టర్ కలిసిన దారంతో వేసిన కుట్టు ఇస్త్రీ తర్వాత కూడా కుట్టుగానే నిలుస్తుంది. పూర్తిగా కరిగే దారమైతే కింది దారం మాయమై, పై దారాన్ని పట్టుకునేది ఏమీ మిగలదు. అలాంటి దారంతో అసలు కుట్టు వేస్తే బట్ట ఊడి చేతికొస్తుంది. దాన్ని మార్జిన్ (కుట్టు గీతకు బయట వదిలే గుడ్డ) మీద వేసే అదనపు వరసకే వాడాలి.

మీ దగ్గరున్నది ఏ రకమో రీలు మీద రాసి లేకపోతే ఇలా చూడండి. జానెడు ముక్క కత్తిరించి, అంటుకోని బేకింగ్ కాగితం మడతలో పెట్టి, ఇస్త్రీ పెట్టెతో పది సెకన్లు ఒత్తండి. చల్లారాక తెరిస్తే లోపల దారం ఇంకా దారంగానే ఉంటే మొదటి రకం. చదునైన జిగురు చార మాత్రమే ఉంటే రెండోది.

మిషన్‌లో ఎక్కించడం

ఫ్యూజిబుల్ దారాన్ని బాబిన్‌లోనో, ఓవర్‌లాక్ (అంచు పోగులు ఊడకుండా కుట్టే మిషన్) అయితే లూపర్‌లోనో, అంటే దారాన్ని అంచు చుట్టూ అల్లే కొక్కెంలోనో పెట్టడం మేలు. సూదిలో పెట్టినా కుట్టు పడుతుంది గానీ, దారం మందం వల్ల తెగడం, చిక్కుపడటం ఎక్కువ. తప్పనిసరై సూదిలో పెడితే 90/14 సైజు సూది వేసి నెమ్మదిగా కుట్టండి. బాబిన్‌లో పెట్టినప్పుడు పైన మామూలు దారం, 80/12 సూది సరిపోతాయి. పై దారం రంగు గుడ్డతో కలిసేలా చూసుకోండి, ఎందుకంటే చాలా పనుల్లో ఆ వరసను తర్వాత విప్పం.

బాబిన్ చుట్టేటప్పుడు వేగం తగ్గించండి. వేగంగా చుట్టితే దారం సాగి, కుట్టాక మళ్లీ కుంచించుకుని గుడ్డను ముడతలు పెడుతుంది. బాబిన్ నిండా కాకుండా ముప్పావు వంతు చుట్టితే చాలు.

కుట్టు పొడవు 3 నుంచి 4 మి.మీ. పెట్టండి. పై దారం టెన్షన్ (బిగువు) ఒక అంకె తగ్గించండి. దీనికి కారణం ఉంది: పైన బిగువుగా ఉంటే కింది దారం చుక్కలు చుక్కలుగా పైకి వస్తుంది. అంటే జిగురు గుడ్డకు రెండు వైపులా పడుతుంది, పైకి వచ్చిన చుక్క ఇస్త్రీ పెట్టెకు అంటుకుంటుంది. పైన కాస్త వదులైతే ఫ్యూజిబుల్ దారం కింది ముఖం మీదే పరుచుకుంటుంది. ఎక్కువ పట్టు కావాలంటే తిన్నని కుట్టు బదులు 2 లేదా 3 మి.మీ. వెడల్పు జిగ్‌జాగ్ వేయండి. అంతే గీతలో అంతకు మించి దారం పడుతుంది.

బాబిన్ కేసు స్క్రూను మాత్రం వెంటనే ముట్టుకోకండి. దారం మరీ ఆగి ఆగి వస్తోందని తేలితేనే కొద్దిగా వదులు చేయండి. ఈ పని తరచూ చేసేవాళ్లయితే దీనికోసమే వేరే బాబిన్ కేసు ఉంచుకుంటే హాయి.

ఇస్త్రీ

ఇస్త్రీ పెట్టె మీద ఉండే చుక్కల్లో ఒకటి అంటే గరిష్ఠంగా 110 డిగ్రీలు, రెండంటే 150, మూడంటే 200. జిగురు కరగడానికి ఒక చుక్క వేడి చాలాసార్లు సరిపోతుంది. కాకపోతే ఆ వేడి గుడ్డ మందాన్ని దాటుకుని కిందికి చేరాలి. అందుకే కాటన్ మీద రెండు చుక్కలు పెట్టుకుని, గుడ్డ తట్టుకుంటే ఆవిరి కూడా ఇవ్వండి. పలచటి సింథటిక్ మీద ఒక చుక్క దాటొద్దు.

పెట్టెను జరపొద్దు. పెట్టి, ఒత్తి, ఐదు నుంచి పది సెకన్లు ఆగి, ఎత్తి, పక్కన పెట్టాలి. రుద్దితే కరిగిన జిగురు మీద గుడ్డ జారి మడత వంకర పోతుంది. ఇంకో సంగతి: ఎత్తిన వెంటనే లాగి చూడకండి. జిగురు పట్టు పట్టేది వేడిలో కాదు, చల్లారేటప్పుడు. వేడిగా ఉండగా "అతుక్కోలేదే" అని లాగి పాడుచేయడం చాలా తేలిక.

జిగురు బయటికి కనిపించే చోట్ల బేకింగ్ కాగితం అడ్డం పెట్టండి. పెట్టెకు గానీ ఇస్త్రీ బల్ల గుడ్డకు గానీ అంటితే ఆ మరక తర్వాతి బట్టకు ఎక్కుతుంది.

కుట్టే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న

ఈ దారంతో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం వేడి వల్లా కాదు, టెన్షన్ వల్లా కాదు. జిగురు ఒక ముఖం మీద ఉంటే, అతుక్కోవాల్సింది రెండో ముఖం అవుతుంది. కాబట్టి కుట్టే ముందు గుడ్డను చేత్తో ఒకసారి మడిచి చూడండి. మడత పడ్డాక మార్జిన్‌లోని ఏ ముఖం దేన్ని తాకుతోంది? ఆ ముఖం మిషన్ మీద కిందికి ఉండాలి, ఎందుకంటే బాబిన్ దారం కిందే పడుతుంది.

మార్జిన్‌ను లోపలికి మడిచి అదే గుడ్డకు అతికించాలంటే జిగురు లోపలి వైపున ఉండాలి, కాబట్టి మంచి వైపు పైకి పెట్టి కుట్టాలి. మార్జిన్‌ను మడిచాక ఆ ముక్కను ఇంకో గుడ్డ మీద అతికించాలంటే మాత్రం జిగురు మార్జిన్ మంచి వైపున ఉండాలి, కాబట్టి లోపలి వైపు పైకి పెట్టి కుట్టాలి. కింద చెప్పే పనుల్లో చాలావరకు ఈ రెండింటిలో ఏదో ఒకటే.

క్విల్ట్ బైండింగ్

ఈ దారం కొనడానికి నాకు తెలిసిన మంచి కారణం ఇదే. పెద్ద క్విల్ట్ (మూడు పొరల బొంత) చుట్టూ బైండింగ్ (అంచును కప్పే గుడ్డ పట్టీ) తిప్పి వెనక కుట్టేటప్పుడు పదుల కొద్దీ సూదులో క్లిప్పులో కావాలి. తీస్తూ కుట్టాలి, మధ్యలో రెండు వేళ్లకు గుచ్చుకోవాలి. ఫ్యూజిబుల్ దారంతో ఆ బైండింగ్ మొత్తం ముందే తన చోట కూర్చుని ఉంటుంది.

1. రెండుంపావు అంగుళాల వెడల్పు పట్టీని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేయండి. క్విల్ట్ అంచులు సమంగా కత్తిరించుకోండి.

2. క్విల్ట్ ముందు వైపు పైకి పెట్టండి. మడిచిన పట్టీ విడి అంచులు క్విల్ట్ అంచుతో కలిసేలా దానిపై పెట్టండి. బాబిన్‌లో ఫ్యూజిబుల్ దారంతో పావు అంగుళం లోపల కుట్టండి. జిగురు గీత క్విల్ట్ వెనక వైపు పడుతుంది. మనకు కావాల్సింది అక్కడే. మీది పూర్తిగా కరిగే దారమైతే ఇది రెండు విడతల పని: ముందు మామూలు దారంతో ఇదే కుట్టు వేసి, తర్వాత దానికీ అంచుకూ మధ్య ఫ్యూజిబుల్ వరస ఇంకోటి వేయాలి. క్విల్ట్ మందం వల్ల ఇక్కడ కుట్టు పొడవు 3 మి.మీ. దాటనివ్వకండి.

3. మూలకు పావు అంగుళం ముందు ఆగి, దారం లాక్ చేసి, పట్టీని పైకి మడిచి మళ్లీ కిందికి దించి మామూలుగానే మూల తిప్పండి.

4. ముందు వైపు నుంచి పట్టీని బయటికి తిప్పి కుట్టు వెంట ఒకసారి ఇస్త్రీ చేయండి. ఈ ఇస్త్రీ తేలిగ్గా, వెనక బేకింగ్ కాగితం పెట్టి చేయాలి. లేకపోతే జిగురు బల్లకు అంటుకుంటుంది.

5. ఇప్పుడు క్విల్ట్ తిరగేయండి. పట్టీ మడత అంచు కుట్టు గీతను దాటి కనీసం 2 మి.మీ. ముందుకు రావాలి. గీత వరకే వస్తే జిగురు అంటదు, తర్వాత వేసే మిషన్ కుట్టూ దాన్ని పట్టదు. ఒక జానెడు చొప్పున మడిచి ఒత్తుతూ వెళ్లండి. పూర్తిగా కరిగే రకమైతే జిగురు వరస మడత కింద ఉండేలా చూసుకుంటే చాలు.

6. మూలల దగ్గర ముందు ఒక వైపు చివరిదాకా ఒత్తి, రెండో వైపు దాని మీదికి ఏటవాలుగా మడిచి ఒత్తండి. ముందు వైపు మడత ఒక దిక్కుకు ఉంటే వెనక మడత ఎదురు దిక్కుకు ఉండాలి. అప్పుడే మూల ఉబ్బదు.

7. మొత్తం చల్లారాక చేత్తో తడుముతూ చుట్టూ చూడండి. వంకర ఉన్న చోట మళ్లీ పెట్టె ఆనించి, వేడిగా ఉండగానే మెల్లగా లేపి సరిచేసి ఒత్తండి. సూదులతో ఈ సౌకర్యం ఉండదు.

ఇక ముందు వైపు నుంచి పట్టీ, క్విల్ట్ కలిసే గాడిలో మామూలు దారంతో కుట్టవచ్చు, లేదా వెనక చేతికుట్టు వేయవచ్చు. చేతికుట్టుకే నా ఓటు. పట్టీ కదలదు కాబట్టి చేయి వేగంగా నడుస్తుంది, దారం సూదులకు చిక్కుకోదు.

అప్లిక్

అప్లిక్ అంటే ఒక గుడ్డ మీద ఇంకో గుడ్డ ముక్కలను ఆకారాలుగా పెట్టి కుట్టడం. అందులో ఆకులో పువ్వులో అతికించడానికి మామూలుగా ఫ్యూజిబుల్ వెబ్ వాడతారు. అది పొర పొరంతా జిగురు. రెండు మూడు రేకులు ఒకదానిపై ఒకటి వచ్చాయంటే ఆ చోట క్విల్ట్ అట్టలా తయారవుతుంది, చేతి సూది దిగదు. దారంతో అంచు మాత్రమే అతుక్కుంటుంది, నడిమి భాగం గుడ్డగానే ఉంటుంది.

అంచు మడవకుండా శాటిన్ కుట్టు (దగ్గర దగ్గరగా పడే జిగ్‌జాగ్) వేసే పద్ధతిలో ముక్కను ముందే కత్తిరించకండి. గుడ్డ మంచి వైపున ఆకారం గీసుకుని, గీతకు 2 మి.మీ. లోపల ఫ్యూజిబుల్ బాబిన్‌తో కుట్టి, ఆ తర్వాత గీత మీద కత్తిరించండి. కత్తిరించిన ముక్క వంపుల దగ్గర సాగుతుంది, కత్తిరించని గుడ్డ అంతగా సాగదు. దాన్ని అడుగు గుడ్డ మీద పెట్టి ఒత్తండి. 3 లేదా 4 మి.మీ. వెడల్పు శాటిన్ కుట్టు వేస్తే లోపలి వరస పూర్తిగా దాగిపోతుంది. అరచేయి కంటే పెద్ద ముక్కలకు నడుమ ఆసరా ఉండదు. అక్కడ రెండు మూడు ఫ్యూజిబుల్ పోగులు పేని, కుట్టకుండా ఊరికే ముక్క కింద వంకరటింకరగా పరిచి ఒత్తండి. ఈ పద్ధతి చాలా చోట్ల పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

అంచు మడిచే అప్లిక్‌లో పైన చెప్పిన ప్రశ్న అసలు రూపంలో ఎదురవుతుంది. మార్జిన్‌ను ముక్కకు అతికించుకోవాలా, మడిచిన ముక్కను అడుగు గుడ్డకు అతికించుకోవాలా? రెండూ ఒక్క వరసతో కావు. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. మడత నిలబడటానికి గంజి స్ప్రే, ఇస్త్రీ చాలు. అడుగు గుడ్డ మీద ముక్క జారకుండా ఉండటమే కష్టం. 6 మి.మీ. మార్జిన్ ఉంచి కత్తిరించండి. లోపలి వైపు పైకి పెట్టి, ఆకారం గీతకు 3 మి.మీ. బయట, అంటే మార్జిన్ మధ్యలో కుట్టండి. లోపలికి తిరిగే వంపుల్లో మార్జిన్‌కు గాట్లు పెట్టండి. గాటు ఫ్యూజిబుల్ వరసను తెంపినా ఇబ్బంది లేదు. మార్జిన్ మడిచేటప్పుడు జిగురు పైకి ఉంటుంది కాబట్టి వేలి గోటితో మడత పెట్టి, పెట్టె మొనను మడత మీద మాత్రమే ఆనించండి. కాగితం అడ్డం ఉంటే ఇంకా నయం.

రంగు అద్దాల కిటికీలా కనిపించే క్విల్ట్‌లలో సన్నటి నల్ల పట్టీలు వంపులు తిరుగుతూ ఉంటాయి. వాటిని ఏటవాలుగా కత్తిరించి, రెండు అంచులూ మడిచి, కింద పేనిన ఫ్యూజిబుల్ పోగులు పరిచి ఒక్కో వంపు ఒత్తుకుంటూ వెళ్లవచ్చు. లోపలి వంపును ముందు కుట్టి బయటి వంపును తర్వాత కుడితే పట్టీ ముడతలు పడదు.

జేబులు, గీతల గుడ్డలు

ప్యాచ్ జేబుకు (బట్ట పైన పెట్టి కుట్టే జేబుకు) ఒక సెంటీమీటరు మార్జిన్ అనుకుందాం. పై అంచు ముందు పూర్తిచేయండి. తర్వాత లోపలి వైపు పైకి పెట్టి మిగతా మూడు వైపులా విడి అంచు నుంచి 7 మి.మీ. దూరంలో ఫ్యూజిబుల్ వరస వేయండి. మార్జిన్ మడిచి, గుర్తు పెట్టిన చోట జేబును ఉంచి ఒత్తండి. రెండో జేబునూ అలాగే ఒత్తి, రెండూ సమానంగా ఉన్నాయా అని దూరం నుంచి చూసి, అప్పుడు కుట్టండి. తేడా ఉంటే వేడి చేసి జరపడం, కుట్టు విప్పడం కన్నా ఎంతో తేలిక. పై అంచు వెంట మాత్రం ఫ్యూజిబుల్ వేయకండి, జేబులో చెయ్యి దూరదు!

గళ్ల గుడ్డ, చారల గుడ్డ కుట్టేవాళ్లకు ఇంకా పెద్ద ఊరట. ఎన్ని సూదులు పెట్టినా మిషన్ పళ్లు కింది గుడ్డను లాగి చారను రెండు మి.మీ. పక్కకు జరుపుతాయి. దీనికి ఒక ముక్క మార్జిన్‌లో, కుట్టు గీతకు 3 మి.మీ. బయట, లోపలి వైపు పైకి పెట్టి ఫ్యూజిబుల్ వరస వేయండి. కుట్టు గీత మీద మార్జిన్‌ను లోపలికి మడిచి, ఆ మడతను రెండో ముక్క మంచి వైపున దాని కుట్టు గీతకు ఆనించి పెట్టండి. పైనుంచి చూస్తూ చారకు చార కలిపి ఒత్తండి. చల్లారాక పై ముక్కను తిరగేస్తే మడత గీత కనిపిస్తుంది, సరిగ్గా దాని మీద కుట్టండి. చివర్లో మార్జిన్లు విడదీసి ఇస్త్రీ చేయాలంటే వేడిగా ఉండగా మెల్లగా లాగితే విడిపోతాయి.

అంచులు, జిప్పులు, లేసులు

ఓవర్‌లాక్ మిషన్ ఉంటే కింది లూపర్‌లో ఫ్యూజిబుల్ దారం ఎక్కించి, గుడ్డ మంచి వైపు పైకి పెట్టి అంచు కుట్టండి. జిగురంతా లోపలి వైపు పరుచుకుంటుంది. అంచు మడిచి ఒత్తితే తిన్నగా నిలుస్తుంది, దానిపై కుట్టు వేసుకోవచ్చు. సాగే గుడ్డలకు ఇది బాగా పనిచేస్తుంది, కుట్టేటప్పుడు అంచు అలల్లా సాగడం తగ్గుతుంది. ఓవర్‌లాక్ లేకపోతే అంచు మీద జిగ్‌జాగ్ వేసినా ఫలితం అదే. నడుంపట్టీ, కఫ్‌ల లోపలి మడతకూ ఇదే పద్ధతి.

జిప్పును బోర్లా పెట్టి, రెండు పట్టీల బయటి అంచుల వెంట కుట్టండి. అప్పుడు జిగురు జిప్పు ముందు వైపున పడుతుంది, మడిచిన మార్జిన్ల మీద పెట్టి ఒత్తితే జరగకుండా ఉంటుంది. నైలాన్ పళ్ల మీదికి పెట్టె పోనివ్వకుండా అంచుల మీదే మొనతో ఒత్తండి. లేసు, రిబ్బన్‌లకు పేనిన పోగులు కింద పరిచే పద్ధతి చాలు.

ఎక్కడ వద్దు

జార్జెట్, ఆర్గాంజా లాంటి పారదర్శక గుడ్డల మీద జిగురు గీత మెరుస్తూ కనిపిస్తుంది. వెల్వెట్‌ను గట్టిగా ఒత్తితే నూగు పడిపోతుంది. నీరు అంటని పూత ఉన్న గుడ్డకు జిగురు సరిగా అంటదు. పట్టు అయితే ముందు ముక్క మీద పరీక్షించాలి, ఆవిరి మరకలు కూడా చూసుకోవాలి. క్విల్ట్ మూడు పొరలనూ దీనితో అతికించాలని ఆశపడకండి, దానికి సూదులో స్ప్రేనో వేరే ఉన్నాయి.

అతుక్కున్నది విప్పాలంటే మళ్లీ వేడి చేసి, చల్లారకముందే లాగాలి. చల్లగా ఉండగా లాగితే పలచటి గుడ్డ పోగు తెగవచ్చు.

చివరిగా, ఫ్యూజిబుల్ చుట్టిన బాబిన్లకు వేరే రంగు బాబిన్లు కేటాయించండి, లేదా మార్కర్‌తో గుర్తు పెట్టండి. తెల్ల దారం అనుకుని చొక్కా పక్క కుట్టుకు వాడితే, మొదటి ఇస్త్రీలోనే రెండు పొరలూ ఒకదానికొకటి అంటుకుంటాయి. పూర్తిగా కరిగే రకమైతే కుట్టే ఊడిపోతుంది. రీలును కవర్‌లో వేసి, ఎండ, వేడి తగలని చోట ఉంచండి.